సాంబ్రాణి పొగకు పగలని గాజుబుడ్డి

నీళ్ళకూ నాకూ పాత పగ. స్నానానికి పోసుకునే నీళ్ళతో పేచీ లేదు, అవి బకెట్ దాటి రావు. ఆకాశం నుంచి, పైకప్పు నుంచి, పక్కవాడు వంకరగా పట్టుకున్న సీసా నుంచి పడే నీళ్ళతోనే నా గొడవంతా. ఎందుకంటే పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక కార్ఖానాలో గోదాము బాధ్యత నాది. అట్టపెట్టె ఎంత గట్టిదంటే, దాని మీద నేను ఎక్కి నిలబడినా కుంగదు. నేను ఎక్కితే మా ఇంట్లో బరువు చూసే మిషను మాత్రం సెలవు పెట్టేస్తుంది. అంత గట్టి పెట్టె కూడా గ్లాసెడు నీళ్ళు పడితే సాయంత్రానికల్లా సాంబారులో మరిచిపోయిన అప్పడమైపోతుంది. గోదాములో ఎక్కడైనా టప్ అని ఒక చుక్క పడితే చాలు, నా గుండె ఆగిపోతుంది. నాలుగు సెకన్ల తర్వాత మళ్ళీ మొదలవుతుంది గానీ, అది నా గుండేనా, ఇంకెవరిదైనా తెచ్చి పెట్టారా అని అనుమానంగా ఉంటుంది.

మా గోదాము ఎంత పెద్దదంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాడు "చిరంజీవ" అనడానికి టీ టైము అవుతుంది. దాని పైకప్పు కింద ఎర్రరంగు పైపులు బారులు తీరి ఉంటాయి. ఆ పైపులకు కొంచెం కొంచెం దూరంలో చిన్న చిన్న ఇత్తడి ముక్కలు వేలాడుతుంటాయి. వాటిని స్ప్రింక్లర్లు అంటారు. మా పేస్టింగ్ సెక్షన్ ఆడవాళ్ళు మాత్రం 'పువ్వులు' అంటారు, ఒక్కోదానికి కింద రేకులు విచ్చుకున్నట్టు పళ్ళచక్రం ఉంటుంది కనుక. పువ్వు నడుమ చిటికెనవేలి గోరంత గాజుబుడ్డి, అందులో ఎర్రటి ద్రవం. పైపులో నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ తోసుకుంటూ నిలబడి ఉంటాయి. వాటికి అడ్డం ఆ గాజుబుడ్డి ఒక్కటే. అంటే నా ఉద్యోగం, నా పరువు, నా రక్తపోటు మూడూ కలిసి గోరంత గాజు మీద కూర్చున్నాయన్నమాట. అలాంటి గాజులు నా నెత్తి మీద నాలుగు వందలు.

వాటి గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే. హీరో లైటర్ వెలిగించి పైకి చూపిస్తాడు, అంతే, భవనమంతా వాన. విలన్లు తడుస్తారు, హీరోయిన్ తడుస్తుంది, ఫైళ్ళు తడుస్తాయి. ఆ ఫైళ్ళు ఎవరు ఆరబెట్టుకుంటారో ఏ దర్శకుడూ చూపించలేదు. నాలుగు వందల పువ్వులూ ఒక్కసారిగా విచ్చుకుంటే నా అట్టలన్నీ గంజి అయి ముంబై రోడ్డు మీద ప్రవహిస్తాయనీ, సంగారెడ్డి వెళ్ళే బస్సులు పడవలుగా మారతాయనీ నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

పోయిన ఏడాది దీపావళి వెళ్ళాక మా పంపుహౌస్‌కి ఒక చాచా వచ్చాడు. పంపుహౌస్ అంటే ఆ పైపులకు నీళ్ళు తోసే గది. చాచాది సంగారెడ్డి. ముప్పై ఏళ్ళకు పైగా ఒక పెద్ద ఫ్యాక్టరీ ఫైర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే బేగం తనచేత ఉల్లిగడ్డలు తరిగిస్తోందని మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. ఆయన చేతికింద రెండు పెద్ద పంపులు. డీజిల్‌తో నడిచేదాన్ని 'బిడ్డ' అనేవాడు. కరెంటుతో నడిచేదాన్ని 'అల్లుడు' అనేవాడు, కరెంటు పోయిందంటే అలిగి కూర్చుంటుంది కనుక. రోజూ పొద్దున్నే ఇద్దరినీ గుడ్డతో తుడిచి, ట్యాంకులో నీళ్ళు చూసి, గోడ మీది గడియారంలాంటి దాంట్లో ముల్లు ఎక్కడుందో చూసి, ఆ తర్వాత గోదాములోకి వచ్చేవాడు. నా ప్రాణం తీయడానికి.

"స్టోర్ సాబ్, పెట్టెల మీదికెళ్ళి పువ్వు దాక మూరెడు జాగ ఉండాలె."

"ఎందుకు చాచా?"

"దర్వాజల నిలబడి గొడుగు తెరువుండ్రి, తెరుసుకుంటదా? నీళ్ళు గూడ గంతే. జాగ ఉంటెనే ఇచ్చుకుంటయ్."

"సరే, మూరెడంటే ఎవరి మూరెడు?"

"నాది."

ఆయన చెయ్యి చూస్తే తెలుస్తుంది నా బాధ. మోచేతి దగ్గర బయల్దేరితే వేలికొనకు చేరేసరికి మధ్యలో ఒక బస్‌స్టాపు వస్తుంది. నా చెయ్యేమో పొట్టిది. పూలు కొలవడానికి నన్ను కూలికి పెట్టుకుంటే ఏ పూలమ్మే ఆవిడైనా ఏడాది తిరక్కుండా మేడ కట్టేస్తుంది.

"నా మూరతోని కొలుద్దాం" అన్నాను.

"మీ మూరతోని కొలిస్తె అగ్గి గూడ నవ్వుతది సాబ్."

అలా అని నిచ్చెన వేసుకుని ఎక్కి, ప్రతి దొంతర మీదా మోచెయ్యి నిలబెట్టి కొలిచేవాడు. తగిలిందంటే పై వరుస దించాల్సిందే. దసరా ముందు మాకు పని ఎలా ఉంటుందంటే, మిఠాయి దుకాణాలవాళ్ళు, బట్టలవాళ్ళు, ఇంటికి సామాన్లు పంపేవాళ్ళు అందరూ ఒకేసారి పెట్టెలు కావాలంటారు. గోదాములో అట్టలు పోగా మిగిలిన చోటులోనే మేము గాలి పీల్చుకోవాలి. అలాంటి రోజుల్లో ఈ మనిషి నా దొంతరల నెత్తిన ఉన్నదంతా దించేస్తుంటే, నాకు సొంత జుట్టు కత్తిరిస్తున్నట్టుండేది. అసలే అది తక్కువ.

ఈ దసరాకు ఆరు నెలల ముందు మాకు కొత్త మేనేజర్ వచ్చాడు. హైదరాబాద్ నుంచి రోజూ కారులో వస్తాడు. చేతిలో ట్యాబ్ లేకుండా ఆయన్ను నేను ఎప్పుడూ చూడలేదు. పుట్టినప్పుడు మంత్రసాని బొడ్డుతో పాటు దాన్నీ కోయడం మరిచిపోయిందని నా అనుమానం. ఆయన దసరాకు పది రోజుల ముందు మీటింగు పెట్టి, ట్యాబ్ మీద వేలు జరుపుతూ అన్నాడు:

"ఫైర్ పంపులు ఆటోమేటిక్ కదా. ప్రెషర్ తగ్గితే వాటంతట అవే స్టార్ట్ అవుతాయి. మరి పంపుహౌస్‌లో మనిషి దేనికి? వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చాచాను మెయిన్ గేటుకు మార్చేద్దాం. జీతం అదే. కూర్చుని చేసే పని."

బయటికి వచ్చాక చాచా నా టేబుల్ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మామూలుగా ఆయన కూర్చుంటే స్టూలు మూలుగుతుంది. ఆ రోజు అది కూడా ఊరుకుంది.

"గేటు కాడ నాకేం తక్లీఫ్ లేదు సాబ్. బండ్లు వస్తయ్, పోతయ్, రాసుకుంట. కానీ నేను పోయినంక పంపుహౌస్‌కు తాళం పడ్తది. నెల దినాలల్ల ఎవడో ఒకడు వాల్వ్ మూస్తడు. ఎందుకు మూసిండో వానికే యాదుండదు."

"గట్లెందుకు మూస్తరు చాచా?"

"పాత కంపెనీల గట్లనే మూసి పెట్టిన్రు. పైపు కారుతుందని. షెడ్డుకు షెడ్డే పోయింది. మనుషులు బయటవడ్డరు, అల్లా దయ. పంపులు మంచిగనే ఉండె, ట్యాంకు నిండ నీళ్ళుండె. నేను చేతులు కట్టుకొని సూస్తనే ఉన్న." తన పొడుగు చేతులు రెండూ ముందుకు చాపి, వాటిని ఎవరో తెచ్చి తగిలించినట్టు చూసుకున్నాడు. "పంపు కాడ ఉంటె గా పని మళ్ళ కాదు. గంతే సాబ్. నాకు గింకేం వద్దు."

నేను మొహం విచారంగా పెట్టాను. నిజం చెప్పాలంటే లోపల మాత్రం, చాచా గేటుకు పోతే నా దొంతరలు ఇంకో రెండు వరుసలు పెరుగుతాయి కదా అని లెక్క వేసుకుంటున్నాను.

ఇక ఆయుధపూజ వచ్చింది. మా కార్ఖానాలో ఆయుధపూజ అంటే మిషన్లకే కాదు, కదిలేది, కదలనిది అన్నిటికీ బొట్టు పడుతుంది. తోపుడుబండ్లకు, స్టాప్లర్లకు, నా కాలిక్యులేటర్‌కు కూడా. ఒకసారి నేను కుర్చీలో కునుకు తీస్తుంటే నాకూ పెట్టిపోయారు. పూజ సూత్రధారి పేస్టింగ్ సెక్షన్ పెద్ద, మేమందరం అక్కా అని పిలిచే ఆవిడ. గుమ్మడిదల దగ్గర పల్లె నుంచి కంపెనీ బస్సులో వస్తుంది. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు ఆమె మాట మీద నడుస్తారు. ఆమె సాంబ్రాణి వేసిందంటే శంషాబాద్‌లో దిగాల్సిన విమానాలు దారి వెతుక్కుంటాయి.

ఆ సాంబ్రాణి వల్లే మా దగ్గర ఒక ఆచారం పుట్టింది. పొగకు పువ్వులు పేలి పూజ, ప్రసాదం, అట్టలు అన్నీ తడిసిపోతాయేమోనన్న భయంతో, ఏటా పూజకు ముందు స్ప్రింక్లర్ల వాల్వ్ మూసేస్తాం. కొబ్బరికాయ, గుమ్మడికాయ, వాల్వ్ మూయడం. ఇంతకాలం ఆ మూడూ కలిస్తేనే మాకు ఆయుధపూజ. చాచాకు ఇది మొదటి దసరా. ముందు రోజు మధ్యాహ్నం పంపుహౌస్‌కు వెళ్ళాను.

"చాచా, రేపు పూజ. పొద్దుగాల వాల్వ్ మూసెయ్యుండ్రి. సాంబ్రాణి అయిపోంగనే తెరుద్దురు."

ఆయన 'అల్లుణ్ణి' తుడుస్తున్న గుడ్డ ఆపి నన్ను చూశాడు. "సాంబ్రాణికి, వాల్వుకు ఏం సుట్టరికం సాబ్?"

"పొగ చాచా! అక్క ఏసే పొగకు నాలుగు వందలు ఒక్కపారి పేల్తయ్!"

"పువ్వుకు ముక్కు లేదు. పొగొస్తె దానికి తెల్వది. సెగ తగిల్తెనే తెలుస్తది."

"మీరు ఎన్నన్నా చెప్పుండ్రి, మూయాల్సిందే. లేకుంటే మేనేజర్ సారుకు చెప్త."

ఇది అనకూడని మాట. అన్నాక తెలిసింది. మేనేజర్ చెవిలో ఈ మాట పడితే చాచా గేటుకు ఒకటో తారీఖు దాకా ఆగనక్కర్లేదు, రేపే కుర్చీ వేస్తారు. అది ఆయనకూ తెలుసు.

"చెప్పుండ్రి" అన్నాడు మెల్లగా. "గేటుకు జెర ముందుగాల పోత. మూసుడు మాత్రం నాతోని కాదు." అని గుడ్డ భుజం మీద వేసుకుని లేచాడు. "చెప్పే ముంగట ఒక్క పది నిమిషాలు క్యాంటీన్ల నాతోని కూసోండ్రి. గంతే అడుగుతున్న."

నాలుగింటికి క్యాంటీన్ నిండా జనం. చాచా జేబులోంచి ఒక పువ్వు తీశాడు. అది దెబ్బ తగిలి పనికిరాదని పక్కన పడేసినది, గాజుబుడ్డి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అక్కను పిలిచి, రేపటికి తెచ్చుకున్న సాంబ్రాణి కొంచెం ఇప్పుడే వెయ్యమన్నాడు. అక్క కొంచెం వెయ్యడం ఎరగదు. ధూపం చిప్పలోంచి లేచిన పొగకు క్యాంటీన్ వంటాయన కనపడకుండా పోయి, ఎప్పటికో దగ్గుతో సహా బయటపడ్డాడు. చాచా పట్టకారుతో పువ్వును పట్టుకుని ఆ పొగ నడుమ ఎత్తుగా ఉంచాడు. నిమిషం. రెండు నిమిషాలు. నేను కుర్చీ వెనక దాక్కున్నాను, అది ఒట్టి పువ్వనీ, దాని వెనక పైపే లేదనీ తెలిసి కూడా.

ఏమీ కాలేదు.

"సూసిన్రా? పొగ. ఇగ సెగ సూడుండ్రి" అంటూ ఆయన అదే పట్టకారుతో పువ్వును స్టవ్ మీద కుతకుతలాడుతున్న టీ గిన్నెలో ముంచాడు. నలభై మంది ఊపిరి బిగబట్టారు. నాలుగు లెక్కపెట్టేలోగా గిన్నెలోంచి 'టప్' అని వినిపించింది. నాకైతే ఫిరంగి మోత. బయటికి తీస్తే గాజుబుడ్డి లేదు.

"లోపల ఎర్ర నీళ్ళున్నయ్ గద, అరవై ఎనిమిది డిగ్రీల కాడ అవి ఉబ్బి గాజును పగలగొడ్తయ్. గప్పుడే పైపుల నీళ్ళు కిందికొస్తయ్."

అక్క ముక్కు మీద వేలేసుకుంది. "మరి ఒక్కటి పేలితె అన్ని పేల్తయంటరు గద చాచా? మా సార్ రోజు గదే అంటడు."

"నీ పొయ్యి మీద పాలు పొంగితె పక్కింటి పాలు పొంగుతయా బిడ్డా? ఏది కాగితె అదే పగుల్తది. తక్కినయి సప్పుడు జేయకుంట ఉంటయ్."

అందరూ నన్ను చూశారు. విజ్ఞానం వల్ల కాదు. గాజుముక్కలు పడ్డ టీ అంతా పారబోయాల్సి వచ్చింది. నలభై మందికి ఆ సాయంత్రం టీ లేదు. పేల్చింది చాచా, పాపం నాది.

మేనేజర్‌కు చెప్పలేదు. వాల్వ్ తెరిచే ఉంది. అయినా నా నమ్మకం అంత తొందరగా కరిగేది కాదు, అట్ట కాదు కదా. పూజ రోజు రెయిన్‌కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని గోదాములోకి వచ్చాను. అక్క నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"పూజకొచ్చిన్రా సార్, నాట్లెయ్య వచ్చిన్రా?"

ఆడవాళ్ళ నవ్వుకు నాలుగు దొంతరలు కదిలాయి. తర్వాత అక్క సాంబ్రాణి వేసింది. ఎదురుగా నిలబడ్డ మేనేజర్ మాయమై ఒట్టి ట్యాబ్ వెలుగు మాత్రం మిగిలింది. నేను గొడుగు కింద నుంచి పైకి చూస్తూనే ఉన్నాను. నాలుగు వందల పువ్వులూ పొగలో ఊరికే నిలబడ్డాయి. ఒక్క చుక్క పడలేదు. తడిసింది నేనొక్కణ్ణే, రెయిన్‌కోటు లోపల చెమటతో.

పూజ అయిన ఎనిమిదో రోజు, భోజనాల వేళ. పేస్టింగ్ సెక్షన్ గోదాముకు ఆనుకునే ఉంటుంది. మధ్యలో గోడ లేదు. అక్కడ జిగురు కాచే మిషను ఒకటుంది. దాని పక్కనే కత్తిరించిన అట్టపీలికల కుప్ప. రోజూ సాయంత్రం ఊడ్చేవాళ్ళు, పండగ పని తొందరలో రెండు రోజులుగా ఊడ్చలేదు. క్యాంటీన్‌లో ఫ్యాను పాడైందని ఆడవాళ్ళు సెక్షన్‌లోనే కింద కూర్చుని డబ్బాలు తెరిచారు. నేను నా టేబుల్ దగ్గర పెరుగన్నంలో మామిడికాయ ముక్క కోసం తవ్వకాలు జరుపుతున్నాను.

"లేవుండ్రి! అన్నం ఇడిసిపెట్టుండ్రి! లేవుండ్రే!" అని అక్క కేక.

మిషను వైరు దగ్గర నిప్పురవ్వ రాలి పీలికల కుప్ప అంటుకుంది. నేను లేచేసరికి మంట నా ఎత్తు లేచింది. నేను పొట్టివాణ్ణి కనుక చూసినవాళ్ళు నడుమెత్తు అంటారు, అది వాళ్ళిష్టం. మంట వెనక గోడ, మంట ముందు నా దొంతరలు, మధ్యలో పది అడుగులు. ఆడవాళ్ళు పక్క తలుపు వైపు పరుగెత్తారు. నేను మాత్రం అట్టల వైపు పరుగెత్తాను. రెండు చేతులతో ఎన్ని పెట్టెలు మోద్దామనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు పైన 'టప్'.

ఇక్కడ నేను పెంచి చెప్పాల్సిన అవసరం లేదు, ఉన్నదే చాలు. మంటకు సరిగ్గా పైన ఉన్న పువ్వు ఒక్కటి విచ్చుకుంది. నీళ్ళు గొడుగులా గుండ్రంగా విచ్చుకుని కింద పడ్డాయి. బయట గోడకు బిగించిన గంట గణగణా మోగడం మొదలుపెట్టింది. పైపులో నీళ్ళు కదిలితే అది దానంతట అదే మోగుతుంది. పంపుహౌస్ వైపు నుంచి 'అల్లుడు' హోరుమన్నాడు. మంట ఒకసారి పక్కకు వంగింది, ఒకసారి లేవబోయింది, ఆ తర్వాత నడుం విరిగి కూర్చుంది. తెల్లటి ఆవిరి లేచింది. నేను పైకి చూశాను. పక్క పువ్వు పొడి. దాని పక్కది పొడి. నాలుగు వందల్లో మూడు వందల తొంభై తొమ్మిది, క్యాంటీన్‌లో చాచా చెప్పినట్టే, చప్పుడు చేయకుండా ఉన్నాయి.

అప్పుడు నాకు నా అట్టలు గుర్తొచ్చాయి. వాల్వ్ దగ్గరికి పరుగెత్తాను. చాచా అప్పటికే దాన్ని మూసే చక్రం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. తిప్పడం లేదు.

"కట్టు చాచా! ఆరిపోయింది! ఇంక నా అట్టలు పోతయ్!"

"మీకు కనవడేది ఆరింది. కుప్ప లోపల ఆరిందా? మీరు సూసొచ్చిన్రా?"

"చాచా, నీ కాళ్ళు మొక్కుత!"

"కాళ్ళు తర్వాత మొక్కుండ్రి, ముందుగాల అందరు బయటికొచ్చిన్రా లేదా గది సూడుండ్రి."

బయట రోడ్డు మీద అక్క తలలు లెక్కపెడుతోంది. ఒకసారి ఇరవై రెండు వచ్చింది, ఒకసారి ఇరవై మూడు. తనను కలుపుకుందో లేదో ఆమెకే తెలియలేదు. మూడోసారి ఒక్కొక్కరి భుజం పట్టుకుని లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. ఒకావిడ చేతిలో సగం తిన్న రొట్టె కూడా ఉంది. వాళ్ళను చూసేదాకా నేను ఒక్కసారి కూడా వాళ్ళ గురించి ఆలోచించలేదన్న సంగతి అప్పుడు తట్టింది. అది ఇప్పటికీ నాకు అంత సులువుగా మింగుడుపడదు.

ఫైరింజన్ వచ్చాక సిబ్బంది కొక్కేలతో పీలికల కుప్పను చీల్చారు. లోపల ఇంకా ఎర్రగా నిప్పు రగులుతూనే ఉంది. అదీ తడిపి, గోడ మీద చెయ్యి ఆనించి చూసి, వాళ్ళ ఆఫీసరు చాచాకు చెయ్యి ఊపాడు. అప్పుడు తిప్పాడు చాచా చక్రం. ఆ సాయంత్రమే పగిలిన పువ్వు తీసేసి కొత్తది బిగించి, వాల్వ్ మళ్ళీ తెరిచి, చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టాడు.

తడిసింది ఒక గదంత జాగా. పాడైన పెట్టెలు అరవై మూడు. ఇంట్లో మా ఆవిడకు ఆరు వేలు అని చెప్పాను. మరీ అరవై మూడంటే నా పరుగుకు విలువ ఏముంటుంది?

మర్నాడు మీటింగు. మేనేజర్ మొహం వెలిగిపోతోంది.

"ఎక్సలెంట్! చూశారా? ఒక్కరు కూడా బటన్ నొక్కలేదు. గాజు పగలడం, నీళ్ళు రావడం, పంప్ స్టార్ట్ కావడం, అన్నీ వాటంతట అవే జరిగాయి. నేను చెప్పిందే కదా! దీనికి మనిషి అవసరం లేదని నిన్న ప్రూవ్ అయిపోయింది. చాచా, ఒకటో తారీఖు నుంచి మీరు హాయిగా గేటు దగ్గర కూర్చోండి."

చాచా తలూపాడు. పొడుగు చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. నా పక్కన అక్క నా వైపే చూస్తోంది. ఆమె చూపుకూ ఆమె సాంబ్రాణికీ తేడా లేదు, కళ్ళు మండుతాయి. నేను లేచాను. నేను లేవడం ఒక పెద్ద కార్యక్రమం, కుర్చీ కూడా కొంత దూరం నాతో పాటే లేస్తుంది.

"సార్, ఒక మాట. దానంతట అది కాలేదు."

"అంటే?"

"పూజ ముందటి రోజు నేను పంపుహౌస్‌కు పోయి వాల్వ్ మూయమన్న. సాంబ్రాణి పొగకు పేల్తయని. మూయకుంటే మీకు చెప్పి గేటుకు పంపిస్తనని బెదిరించిన గూడ. చాచా మూయలే."

మేనేజర్ వేలు ట్యాబ్ మీద ఆగింది. నేను కూర్చుని ఉంటే సరిపోయేది. కానీ నోరు మొదలుపెట్టాక ఆగడం నా చేతిలో ఉండదు.

"ఇంకోటుంది సార్. పోయినేడు చాచా లేకుండె. వాల్వ్ నేనే మూసిన, ఈ చేతులతోనే. పూజ అయినంక తెరుసుడు యాది మరిచిన. దీపావళి గూడ అట్లనే పోయింది. చుట్టూత రాకెట్లు, బాంబులు, మా మీద నాలుగు వందల పువ్వులు, పైపుల ఒక్క చుక్క నీళ్ళు వచ్చే తొవ్వ లేదు. చాచా చేరిన మొదటి రోజు వచ్చి సూసి తెరిసిండు. ఎవరు మూసిన్రని ఇంతవరకు ఒక్కసారి అడగలే."

చాచా తల ఎత్తి నన్ను చూశాడు. ఆయనకు ముందే తెలుసన్న సంగతి ఆ చూపులో ఉంది.

అక్క అప్పుడు నోరు తెరిచింది. "గీ మంట పోయినేడు లేస్తె ఎట్లుండు సార్? మేము ఇరవై రెండు మందిమి గాడనే తింటుంటిమి."

మేనేజర్ ట్యాబ్‌ను టేబుల్ మీద బోర్లా పెట్టాడు. బొడ్డు అప్పుడు తెగింది. నా వైపు తిరిగాడు. మెమో వస్తుందనుకున్నాను. దాన్ని ఎక్కడ దాచాలి, ఇంట్లో ఏమని చెప్పాలి అన్నదాకా ఆలోచించేశాను.

"మీకు పంప్ నడపడం వచ్చా?" అన్నాడు.

"నాకు నీళ్ళంటేనే భయం సార్."

"అయితే నేర్చుకోండి. చాచా ఎక్కడికీ వెళ్ళరు, పంపుహౌస్‌లోనే ఉంటారు. ప్రతి శనివారం మీరు ఆయన దగ్గర పని నేర్చుకోవాలి. ఆయన సెలవు పెట్టిన రోజు ఆ తాళంచెవి మీ దగ్గర ఉంటుంది. పోయిన సంవత్సరం సంగతి రాసి నాకు ఇవ్వండి, మీ సంతకంతో."

రాసిచ్చాను. నా జీవితంలో ఒక్క విశేషణం కూడా లేకుండా రాసిన కాగితం అదొక్కటే.

బయటికి వచ్చాక చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పొడుగు కనుక అవతలి భుజానికి కూడా అందింది. "పరేషాన్ గాకుండ్రి సాబ్. మీ అసుంటోల్లే మంచిగ నేర్చుకుంటరు. భయమున్నోడు వాల్వును రెండుసార్లు సూస్తడు."

మొదటి శనివారం నేను చేసిన పనుల జాబితా చూస్తే ఒలింపిక్స్‌కు పంపించేస్తారు. ట్యాంకు నిచ్చెన ఎక్కి నీళ్ళు చూశాను. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక జన్మ. డీజిల్ పోశాను, కొంత ట్యాంకులో, ఎక్కువ చొక్కా మీద. 'బిడ్డ'ను స్టార్ట్ చేస్తే అది వేసిన కేకకు గోడ మీది బల్లి మకాం మార్చింది. చాచా స్టూలు మీద కూర్చుని, ముల్లు చూస్తూ, చాయ్ తాగుతూ ఒక్కో తప్పునూ పేరు పెట్టి పిలిచాడు. ఆ ఉదయం ఆయన ఎంత హాయిగా ఉన్నాడంటే, రిటైరైన మనిషిలా కాదు, ఇప్పుడే ఉద్యోగంలో చేరినవాడిలా ఉన్నాడు.

చివరి పని గోదాము అవతలి కొసన. అక్కడ పైపు చివర ఒక పరీక్ష కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పితే ఒక పువ్వు విచ్చుకున్నప్పుడు వచ్చేటన్ని నీళ్ళే బయటి కాలువలోకి వస్తాయి. అట్టల మీద కాదు. ఆ మాట చాచాతో మూడుసార్లు చెప్పించుకున్నాను. కుళాయి మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్ళుగా నీళ్ళు ఆపడమే నా పని. మొదటిసారి నా చేత్తో నేనే వదలబోతున్నాను. కళ్ళు మూసుకుని తిప్పాను.

నీళ్ళు తెల్లగా, బలంగా దూకాయి. బయటి గంట అందుకుంది. పంపుహౌస్‌లో 'అల్లుడు' లేచాడు. పేస్టింగ్ సెక్షన్‌లో ఆడవాళ్ళందరూ పని ఆపి నా వైపు తిరిగారు.

"సార్ మోగిచ్చిండా?" అని అక్క ఆశ్చర్యం. "మస్తు మోగుతుంది!"

పంపుహౌస్ నుంచి చాచా గొంతు గోదామంతా దాటుకుంటూ వచ్చింది: "ముల్లు మంచిగున్నది సాబ్! ఒక్క నిమిషం మోగనియ్యుండ్రి, అందరికి ఇనవడాలె!"

నిమిషం మోగనిచ్చాను. ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా ఇంకో అర నిమిషం కూడా.